అరుగం బే మెయిన్ పాయింట్: స్వెల్, గాలి అంచనా సొంతంగా వేసుకోవడం ఎలా?

సర్ఫ్ యాప్‌లో అల ఎత్తు 2.1 మీటర్లని ఉంటుంది. బోర్డు చంకన పెట్టుకుని వెళ్తే మెయిన్ పాయింట్‌లో మోకాలెత్తు కూడా ఉండదు. ఇంకో రోజు 1.3 మీటర్లే చూపిస్తుంది, ఆ రోజు సెట్లు (వరసగా వచ్చే పెద్ద అలల గుంపులు) తల మీదుగా విరుగుతుంటాయి. యాప్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది నడిసముద్రం లెక్క. మీరు నిలబడ్డది ఒక మలుపు వెనక. ఆ లెక్కను ఈ లెక్కలోకి మార్చుకునే పని మనదే.

శ్రీలంక తూర్పు తీరంలో, పొత్తువిల్ పక్కనున్న అరుగం బేను పట్టుకుని వరుసగా చూద్దాం. పద్ధతి ఏ పాయింట్ బ్రేక్‌కైనా (సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొమ్ము వెంబడి అల విరిగే చోటు) ఇదే, కోణాలు మారతాయంతే. విశాఖ రుషికొండలో నేర్చుకుని వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడిది ఇసుక మీద విరిగే బీచ్ బ్రేక్, ఇటో అటో నడిస్తే ఎక్కడో ఒకచోట అల దొరుకుతుంది. పాయింట్‌లో ఆ వెసులుబాటు లేదు. కోణం కుదరకపోతే ఆ రోజుకు అంతే సంగతులు.

1. ముందు పటం మీద కోణాలు గీయండి

ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. కానీ ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే.

మెయిన్ పాయింట్‌ది కుడి అల, అంటే ఎక్కినవాళ్లు తమ కుడికి జారుతూ పోతారు. ఊరికి దక్షిణాన ఉన్న కొమ్ము దగ్గర లేచి, రాయీ పగడమూ కలిసిన నేల అంచునే ఉత్తరానికి, అఖాతం లోపలికి విరుగుతూ పోతుంది. స్వెల్, అంటే దూరపు తుఫానులు పంపిన అల, వచ్చేది దక్షిణం నుంచి. కాబట్టి కొమ్ము చుట్టూ వంగితేగాని లోపలికి రాలేదు.

శాటిలైట్ పటం తెరిచి మెయిన్ పాయింట్ నుంచి దక్షిణంగా ఒకాండ, కుమన దాకా తీరాన్ని చూడండి. తీరం నిటారుగా దిగదు, కాస్త నైరుతికి ఒరుగుతుంది. పాయింట్ నుంచి కుమనకు గీత గీస్తే సుమారు 200 డిగ్రీలు వస్తుంది. అంతకంటే పడమటి కోణంలో వచ్చే స్వెల్‌కు శ్రీలంక నేలే అడ్డం.

పని లెక్కకు ఇలా రాసిపెట్టుకోండి. డిగ్రీలు అల ఎటు నుంచి వస్తోందో చెబుతాయి, ఎటు పోతోందో కాదు.

- 150–180: పాయింట్‌కు దాదాపు తిన్నగా తగులుతుంది. తక్కువ పీరియడ్ (ఒక కెరటం శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య సెకన్లు) ఉన్నా ఎంతో కొంత అల ఉంటుంది.
- 180–195: సీజన్‌లో మామూలుగా దొరికే మంచి కోణం. వంగి వస్తుంది, శుభ్రంగా వరుస కడుతుంది.
- 195–205: పీరియడ్ 14 సెకన్లు దాటితేనే ఆశ పెట్టుకోండి.
- 205 పైన: యాప్‌లో ఎంత ఎత్తు చూపించినా సగానికి సగం కొట్టేయండి. పీరియడ్ కూడా తక్కువైతే పూర్తిగా కొట్టేయండి.

ఈ హద్దులు గోడలేం కాదు. మొదటి రెండు వారాలు వీటితో నడిపించి, తర్వాత మీ లాగ్‌ను బట్టి అయిదారు డిగ్రీలు అటూ ఇటూ జరుపుకోండి.

2. నెల సరిగ్గా ఎంచుకోండి

ఏప్రిల్ చివర నుంచి అక్టోబర్ మొదటి దాకా సీజన్. జూన్, జులై, ఆగస్టు నెలలు నమ్మకమైనవి. కారణాలు రెండు. దక్షిణార్ధగోళంలో అప్పుడు చలికాలం, 40–55 డిగ్రీల దక్షిణ అక్షాంశాల మధ్య తుఫానులు వరసగా నడుస్తుంటాయి. ఇటు నైరుతి రుతుపవనం శ్రీలంకను దాటి తూర్పు తీరానికి నేల మీదుగా దిగుతుంది, అంటే నేల నుంచి సముద్రం వైపు వీచే ‘ఆఫ్‌షోర్’ గాలి.

నవంబర్ నుంచి ఈశాన్య గాలి తిన్నగా ఒడ్డు మీదికి కొడుతుంది. అప్పుడు వెళ్లి అంచనాలు వేసుకోవడంలో అర్థం లేదు.

3. ఏమేం తెరిచి పెట్టుకోవాలి

- నడిసముద్రం స్వెల్‌ను విడివిడిగా (మొదటి స్వెల్, రెండో స్వెల్, గాలి తరంగాలు) చూపించే ఏదో ఒక పేజీ. విండీ, విండ్‌గురు లాంటివి చాలు.
- దక్షిణ హిందూ మహాసముద్రం గాలి పటం, కనీసం 55 డిగ్రీల దక్షిణం దాకా.
- హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్ర స్థితి పటాలు. హిందూ మహాసముద్రం మొత్తానికి అల ఎత్తు, స్వెల్, పీరియడ్ ఇస్తాయి. మన ఊళ్లోనే తయారవుతున్నా సర్ఫర్లు పెద్దగా తెరవరెందుకో.
- శ్రీలంక వాతావరణ శాఖ సముద్ర ప్రాంతాల బులెటిన్. ‘గాలె నుంచి హంబన్‌తోట మీదుగా పొత్తువిల్ వరకు’ అన్న వాక్యం ఉందేమో వెతకండి.
- ట్రింకోమలీ లేదా బట్టికలోవా ఆటుపోట్ల పట్టిక.
- ఒక చిన్న నోటుపుస్తకం.

సమయాల విషయంలో జాగ్రత్త. కొన్ని పేజీలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) చూపిస్తాయి. శ్రీలంక సమయం మనదే, యూటీసీకి 5:30 గంటలు కలపాలి. ‘00’ అంటే ఉదయం 5:30, ‘06’ అంటే మధ్యాహ్నానికి అరగంట ముందు.

స్టార్ల రేటింగులను దాచేసే వీలుంటే దాచేయండి. అవి ఈ కొమ్ము కోణాన్ని లెక్కలోకి తీసుకుంటాయన్న హామీ లేదు.

4. పది రోజుల ముందు: తుఫాను ఎక్కడుందో చూడండి

అల ఎత్తు కోసం ఇంకా చూడొద్దు. పది రోజుల అవతలి ఎత్తు మీద నమ్మకం పెట్టుకోలేం. గాలి పటంలో మూడే చూడండి.

మొదటిది, గాలి దిశ. దక్షిణార్ధగోళంలో అల్పపీడనం గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. కాబట్టి ఉత్తరానికి తోసే గాలి దాని పడమటి అంచున, అంటే వెనక భాగంలో ఉంటుంది. ముందు భాగంలో ఎంత భీకరంగా ఎర్రబారినా మనకు పనికిరాదు.

రెండోది, ఎంత దూరం, ఎంతసేపు. ఒకే దిశలో వెయ్యి కిలోమీటర్ల మేర, ఒకటిన్నర రోజు ఆగకుండా వీచే గాలి, అయిదారు గంటలు విరుచుకుపడి పోయే గాలి కంటే మంచి స్వెల్ పంపుతుంది.

మూడోది రేఖాంశం. పాయింట్ కోణమంతా ఇక్కడే తేలిపోతుంది. 45 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద తుఫాను ఉందనుకోండి:

- 50 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంటే స్వెల్ సుమారు 206 డిగ్రీల నుంచి వస్తుంది. శ్రీలంక దక్షిణ తీరానికి పండగ, మనకు మిగిలింది తక్కువ.
- 80 దగ్గరుంటే సుమారు 182. బాగుంది.
- 95 దగ్గరుంటే సుమారు 168. ఇంకా బాగుంది.

కేరళ తీరానికి ఇన్‌కాయిస్ ‘కల్లక్కడల్’ హెచ్చరిక ఇచ్చిందని వినగానే అరుగం బేకు టికెట్ కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ హెచ్చరికకు కారణం కూడా దక్షిణ సముద్రపు దూర స్వెలే. కానీ అది పడమటి తుఫానుదైతే కేరళను ఊపేసి మెయిన్ పాయింట్‌ను పక్కన పెట్టేస్తుంది. రేఖాంశం చూశాకే సంచీ సర్దండి.

5. ఎప్పుడు చేరుతుందో లెక్కగట్టండి

లోతైన నీటిలో స్వెల్ గుంపు వేగానికి చేతి లెక్క ఒకటుంది: పీరియడ్‌ను 2.8తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది.

45 డిగ్రీల దక్షిణం నుంచి అరుగం బేకు దాదాపు 5,800 కిలోమీటర్లు.

- 18 సెకన్ల స్వెల్: గంటకు 50 కి.మీ., చేరడానికి సుమారు 4.8 రోజులు.
- 15 సెకన్లది: గంటకు 42 కి.మీ., సుమారు 5.7 రోజులు.
- 12 సెకన్లది: గంటకు 34 కి.మీ. లోపే, 7 రోజులు.

ఒకే తుఫాను పంపిన అలలు దారిలో విడిపోయి, పొడవాటివి ముందొస్తాయి. అందుకే మొదటి రోజు చార్టులో 0.4 మీటర్లు, 18 సెకన్లు అని చిన్నగా కనిపిస్తుంది. అది చూసి ‘ఏం లేదు’ అనుకోవద్దు. వెనక వచ్చేదానికి అది కబురు. ఈ వేగంతో చూస్తే అసలు బలం మర్నాడు సాయంత్రానికో, ఎల్లుండి తెల్లారికో అందుతుంది.

6. మూడు రోజుల ముందు: ఒక వరుసను విప్పి చూడండి

చార్టులో ఒక ఉదయానికి ఇలా ఉందనుకుందాం:

మొత్తం అల ఎత్తు 2.1 మీ.
మొదటి స్వెల్ 1.6 మీ., 15 సె., 185 డిగ్రీలు
గాలి తరంగాలు 1.4 మీ., 7 సె., 220 డిగ్రీలు

ముందు మొత్తం ఎత్తు మీద గీత కొట్టేయండి. అది రెంటినీ కలిపిన అంకె. 1.6, 1.4 కూడితే 3 రావాలి కదా అంటారేమో. ఎత్తులు అలా కలవవు, వాటి వర్గాలు కలుస్తాయి: 2.56, 1.96 కలిపితే 4.52, దాని వర్గమూలం 2.1.

ఇప్పుడు ఒక్కోదాన్నీ ఒకటో మెట్టులోని కోణాల పట్టికకు పెట్టి చూడండి. 220 డిగ్రీల గాలి తరంగాలు రుతుపవనం దక్షిణ తీరం దగ్గర లేపినవి. కోణం లేదు, వంగే శక్తీ లేదు, తీసేయండి. మిగిలింది 1.6 మీటర్లు, 15 సెకన్లు, 185 డిగ్రీలు. ఇది మెయిన్ పాయింట్ స్వెల్. మామూలు అలలు ఛాతీ ఎత్తు, సెట్లు తల దాటి ఉంటాయని ఈ వరుసకు మొదటి అంచనా రాసుకోవచ్చు.

అదే మొత్తం 2.1 మీటర్లు ఇంకో రోజు 1.9 మీ., 9 సె., 215 డిగ్రీలు, దాని మీద కాస్త గాలి తరంగాలు అని విడిపోయిందనుకోండి. పైన అంకె ఒకటే. పాయింట్‌లో మాత్రం మోకాలి దగ్గర ఆగిపోతుంది.

వంగే శక్తి పీరియడ్‌తో ఎందుకు ముడిపడిందంటే, అల పొడవులో సగం లోతు వచ్చేసరికి దానికి అడుగు తగులుతుంది. 15 సెకన్ల అల పొడవు సుమారు 350 మీటర్లు, 175 మీటర్ల లోతులోనే నేలను తడిమి తిరగడం మొదలుపెడుతుంది. 8 సెకన్ల అల పొడవు 100 మీటర్లు, 50 మీటర్ల లోతుకు వచ్చాకే దానికి నేల తెలుస్తుంది. అప్పటికి కొమ్మును దాటి వెళ్లిపోతుంది.

రెండు రోజుల్లో ఏది మేలో తేల్చుకోవాలంటే ఎత్తును ఎత్తుతో గుణించి, పీరియడ్‌తో గుణించండి. 1.5 మీ., 8 సె. అయితే 18. 1.2 మీ., 16 సె. అయితే 23. ఎత్తు తక్కువైన రోజే బలమైనది. కోణం సమానంగా ఉన్నప్పుడే ఈ పోలిక చెల్లుతుంది.

ఇంకొక మాట. చార్టులోని ఎత్తు, అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. రోజంతా చూస్తే దానికి దాదాపు రెండింతల అల ఒకటో రెండో రాకపోవు. మీ హద్దు తల ఎత్తయితే, సగటు తల ఎత్తున్న రోజు మీది కాదు.

7. గాలి: గంటల వారీగా

మెయిన్ పాయింట్‌కు పడమటి, వాయవ్య గాలి ఆఫ్‌షోర్. నైరుతి గాలి పక్కనుంచి ఆఫ్‌షోర్. దక్షిణ గాలిని కొమ్ము కొంత ఆపుతుంది, అదే గాలి ఉత్తరాన విస్కీ పాయింట్, పొత్తువిల్ పాయింట్‌లను ఎక్కువ గరుకు చేస్తుంది. ఆగ్నేయం, తూర్పు, ఈశాన్యం మూడూ ఆన్‌షోర్, అంటే సముద్రం నుంచి ఒడ్డు మీదికి.

మామూలు సీజన్ రోజు ఇలా నడుస్తుంది. తెల్లారి 5:30 నుంచి 9 దాకా నేలగాలి లేదా నిశ్చలం. 10–11 మధ్య నీటి మీద గాలి గీతలు మొదలు. మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి సముద్రపు గాలి ఒడ్డుకు తిరుగుతుంది. సూర్యాస్తమయానికి ముందు ఒక్కోసారి మళ్లీ చల్లబడి ఓ గంట దొరుకుతుంది.

దీన్ని మార్చేది ‘కచ్చాన్’. తూర్పు శ్రీలంక తమిళులు పొడిగా, వేడిగా కొండలు దిగివచ్చే నైరుతి గాలిని అలా అంటారు. అది బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, అల ముఖం మధ్యాహ్నం దాకా నున్నగా ఉంటుంది. అయితే గాలి అలను వెనక్కి పట్టి ఉంచుతుంది. టేకాఫ్ (అల పట్టి బోర్డు మీద లేవడం) ఆలస్యమై ముక్కు మీద పడతారు. రెండు చేతులు ఎక్కువ వేసి, అల ముందుగా పట్టుకోండి.

గాలి అంకె చూసేటప్పుడు:

- గంటకు 10 కి.మీ. లోపు ఏ దిశైనా ఫర్వాలేదు.
- 10–20 మధ్య దిశ చూడండి.
- 20 దాటిన ఆన్‌షోర్‌కు నిద్ర పాడు చేసుకోవద్దు.
- ‘గస్ట్’ అంకె మామూలు గాలికి రెట్టింపు ఉంటే దగ్గర్లో ఉరుములున్నాయేమో చూడండి.

అంతర్జాతీయ గాలి నమూనాలు లెక్క కోసం పటాన్ని విడగొట్టే గళ్లు 10–25 కిలోమీటర్ల వెడల్పువి. అందుకే సముద్రపు గాలి ఏ గంటకు తిరుగుతుందో అవి సరిగా పట్టుకోలేవు. యాప్ మధ్యాహ్నం ఒంటిగంట అంటే, మీరు 10:30 అనుకుని లేవండి.

ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో సాయంత్రం ఉరుములు ఎక్కువ. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల లోపుంటే నీళ్లలోంచి బయటికి రండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. సెట్ బాగుందని ఇంకొక్కటి అనుకోవద్దు.

8. ఆటుపోట్లు

ఇక్కడ తేడా మీటరు లోపే, చాలా రోజులు అర మీటరు చుట్టూ. కాబట్టి స్వెల్, గాలి తేల్చాకే దీన్ని చూడండి. చిన్న స్వెల్‌కు పోటు ఎక్కువైతే అల బద్ధకంగా లావెక్కి విరగదు. ఆటుకు నీళ్లు బాగా తగ్గితే లోపలి రాళ్లు పైకొస్తాయి, సముద్రపు ముళ్లకాయలు కాళ్లకు దగ్గరవుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల ఆటుకు రీఫ్ బూట్లు వేసుకోండి.

9. ముందు రాత్రి, తెల్లవారుజామున

చాలా యాప్‌లు వాడే అమెరికా వాతావరణ నమూనా జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది. ఫలితం చేతికందడానికి నాలుగైదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున మీరు చూసేది నిన్నటి సమాచారంతో వేసిన లెక్కే. వరుసగా మూడు సార్లూ ఒకే మాట చెబితే నమ్మండి. ప్రతిసారీ మారుతుంటే ఎత్తును తగ్గించి అనుకోండి.

ఒడ్డుకు చేరాక 20 నిమిషాలు ఊరికే కూర్చోండి. పొడవాటి స్వెల్ రోజున సెట్ల మధ్య పది పదిహేను నిమిషాలు ఏమీ కనిపించదు. అయిదు నిమిషాలు చూసి ‘చిన్నగా ఉంది’ అని దిగినవాళ్లే మూడో సెట్‌కు లోపల దొరికిపోతారు.

దిగేముందు చూసుకోవాల్సినవి:

- రెండు సెట్లు పూర్తిగా చూశారా? సెట్‌లో ఎన్ని అలలు?
- ఒకే సెట్‌లో రెండు శిఖరాల మధ్య సెకన్లు లెక్కపెట్టారా? చార్టు పీరియడ్‌కు రెండు సెకన్ల అటూ ఇటూ ఉండాలి. 15 అని ఉండి 9 వస్తుంటే మీరనుకున్న స్వెల్ ఇంకా చేరలేదు.
- నీళ్లలో ఉన్నవాళ్లు ఒకచోట ఉండలేక కొట్టుకుపోతున్నారా? ఎటు?
- అల అంచు నుంచి పొగలా నీళ్లు వెనక్కి లేస్తున్నాయా, ముందుకు పడుతున్నాయా? వెనక్కి లేస్తే ఆఫ్‌షోర్.
- విరుగుతున్న చోటుకు దూరంగా, అఖాతం వైపు లోతు నీటిలోంచి వెళ్లే దారి చూసుకున్నారా? బయటికి వచ్చే దారి?
- లీష్ కాలి దగ్గర, బోర్డు దగ్గర రెండు వైపులా లాగి చూశారా?

10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*చార్టు బాగుంది, పాయింట్ ఖాళీ.* ఈ మూడింటిలో ఏదో ఒకటి: కోణం 200 దాటింది, పీరియడ్ 11 కంటే తక్కువ, లేదా స్వెల్ ఇంకా దారిలో ఉంది. సెకన్లు లెక్కపెడితే మూడోదో కాదో వెంటనే తేలుతుంది. మొదటి రెండైతే దక్షిణాన తెరిపిగా ఉన్న ఒకాండ వైపు చూడండి.

*అనుకున్నదానికంటే పెద్దగా ఉంది.* రెండో స్వెల్‌ను చూడకుండా వదిలేసి ఉంటారు. 0.7 మీటర్లే అయినా 17 సెకన్లు, 170 డిగ్రీలైతే పాయింట్‌లో దానిదే పెత్తనం.

*బులెటిన్‌లో పొత్తువిల్ దాకా 60 కిలోమీటర్ల గాలి అని ఉంది, ఒడ్డున మాత్రం ఆకు కదలడం లేదు.* ఆ హెచ్చరిక చేపల పడవలు తిరిగే బయటి సముద్రానికి. నేల చాటున మీకు తెలియదు, కొమ్ము దాటాక తెలుస్తుంది. ఆఫ్‌షోర్ అంత బలంగా ఉన్నప్పుడు బోర్డు పోగొట్టుకుంటే ఈది ఒడ్డుకు రావడం కష్టం. ఆ రోజు లోపలి బేబీ పాయింట్ దాటకండి.

*ఫలానా యాప్ ఎప్పుడూ ఎక్కువ చెబుతుంది.* దాని గళ్లలో మీ అంకె ఏ చోటిదో చూడండి. కొన్ని పేజీలు అరుగం బే అని పేరు పెట్టి దక్షిణానికో బయటికో ఉన్న గడి విలువ ఇస్తాయి. పటం మీద వేలు పెట్టి పాయింట్‌కు తూర్పున 15–20 కిలోమీటర్ల దూరంలోని నీటి మీద అంకె తీసుకోండి. రోజూ అదే చోట.

11. లాగ్ రాయండి

రోజుకు ఒక్క వరుస. ముందు రాత్రి అంచనా రాయాలి, దిగి వచ్చాక నిజం రాయాలి. నీళ్లలోంచి వచ్చాక రెండూ కలిపి రాస్తే మనసు అంచనాను తెలియకుండానే దిద్దేస్తుంది.

ఎత్తును అడుగుల్లో కాకుండా ఒంటితో కొలవండి: మోకాలు, నడుము, ఛాతీ, తల, తల మీద. ఒకరి నాలుగడుగులు ఇంకొకరికి ఆరు.

నమూనా ఇది:

స్వెల్: 1.4 మీ., 14 సె., 192. గాలి: నైరుతి 12. పోటు సగం, ఎక్కుతోంది. అంచనా: ఛాతీ. నిజం: నడుము, సెట్లు ఛాతీ. సెట్ల మధ్య: 11 నిమిషాలు. గాలి తిరిగింది: 10:40.

ఇలాంటివి పాతిక వరుసలు చేరాక 190–195 మధ్య కోణాలను విడిగా తీసి చూడండి. అంచనా ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కువైతే, ఒకటో మెట్టులోని పట్టికలో 195ను 190గా కొట్టి రాసుకోండి.